సుంకి ఘాట్‌లో ఈఎస్‌పీ లైటు మెరిస్తే బటన్ నొక్కేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. జయపురంలో ఉంటారు. నెలకి రెండుసార్లు కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగి విజయనగరం వెళ్ళొస్తారు. బండి ముందు చక్రాలతో లాగే టర్బో పెట్రోలు. వానలో ఘాట్ ఎక్కేటప్పుడు మీటర్లో జారుతున్న కారు బొమ్మ, అంటే ఈఎస్‌పీ లైటు, టపటపా మెరుస్తోంది, సరిగ్గా అప్పుడే పికప్ చచ్చిపోతోంది. ‘ఘాట్‌లో ఈఎస్‌పీ బటన్ నొక్కి ఆపేసి నడుపు’ అని మీ బావగారి సలహా. ఈమధ్య వీల్ అలైన్‌మెంట్ చేయించాక ఆ లైటు మెరవడం మానేసి ఆరకుండా వెలుగుతోంది. షెడ్డువాళ్ళేమో ఫ్యూజు పీకేస్తే గొడవ వదిలిపోతుంది అంటున్నారు.

ముందు ఫ్యూజు సంగతి. ముట్టుకోనివ్వకండి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, బ్రేకు బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచే ఈబీడీ, జారే బండిని దారికి తెచ్చే ఈఎస్‌పీ, మూడూ ఇంజన్ పక్కన ఉండే ఒకే అల్యూమినియం దిమ్మలో కాపురం ఉంటాయి. ఫ్యూజులు ఆ దిమ్మకే. పీకితే ఉన్న లైటు ఆరదు సరికదా, ఇంకో రెండు తోడవుతాయి. ఈబీడీ లేని బండిని దిగుడులో గట్టిగా బ్రేకు తొక్కితే బరువంతా ముందుకి వాలి, తేలికపడ్డ వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటాయి. వెనక చక్రాలు బిగుసుకున్న కారు తిన్నగా పోదు, తోక పక్కకి తిరిగి ముందుకి వచ్చేస్తుంది. ఆ సలహా ఇచ్చినవాళ్ళు లైటు గురించి ఆలోచించారు, బ్రేకు గురించి ఆలోచించలేదు.

ఇక ఈ ఈఎస్‌పీ ఏం చేస్తుందో తెలిస్తే మీ బావగారి మాటకి జవాబు దానంతటదే వస్తుంది. మారుతి, టాటా, మహీంద్రా బళ్ళలో ఈఎస్‌పీ అంటారు. హ్యుందాయ్, కియాలో ఈఎస్‌సీ, టొయోటాలో వీఎస్‌సీ, హోండాలో వీఎస్‌ఏ. పేర్లే వేరు, పని ఒకటే. నాలుగు చక్రాల దగ్గర ఒక్కో సెన్సరు, అది ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. స్టీరింగ్ కాలమ్‌లో ఒకటి, మీరు చక్రాన్ని ఎన్ని డిగ్రీలు తిప్పారో చెబుతుంది. బండి మధ్యలో ఎక్కడో ఇంకొకటి, బండి తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో, పక్కకి ఎంత బలం పడుతోందో చెబుతుంది. మీరు పోవాలనుకున్న దారి ఒకవైపు, బండి నిజంగా పోతున్న దారి ఇంకోవైపు పెట్టి సెకనుకి 25 సార్లు సరిచూస్తుందని దీన్ని తయారుచేసిన బాష్ చెబుతుంది. రెండిటికీ తేడా వస్తే రెండు పనులు చేస్తుంది: ఇంజన్ బలం తగ్గిస్తుంది, ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. మన కాలుతో ఒకే ఒక్క చక్రానికి బ్రేకు వేయడం ఎవరివల్లా కాదు. వట్టి ఏబీఎస్ దిమ్మలో 8 వాల్వులుంటే ఈఎస్‌పీ దిమ్మలో 12 ఉంటాయి. ఆ అదనపు నాలుగూ, లోపలి పంపూ కలిసి మీరు పెడల్ తొక్కకపోయినా బ్రేకు ఆయిల్ని తోస్తాయి.

ఒక మలుపు దగ్గర నిలబడి చూద్దాం. సుంకి నుంచి సాలూరు దిగుతున్నారు, ఎడమ చేతివైపు హెయిర్‌పిన్, తడి రోడ్డు. వేగం కాస్త ఎక్కువైందని మలుపు సగంలో అనిపించి గభాలున బ్రేకు వేశారు. దిగుడు కాబట్టి బరువు ముందే ముందు చక్రాల మీద ఉంది, ఇప్పుడు ఇంకా వాలింది. వెనక చక్రాలకి రోడ్డు పట్టు చాల్లేదు, తోక కుడివైపు లోయ దిక్కుకి జారడం మొదలైంది. మీరు స్టీరింగ్ 120 డిగ్రీలు తిప్పారు, బండి దానికి మించి తిరుగుతోంది. ఆ తేడా మీ నడుముకి తెలిసేలోపే ఈఎస్‌పీ బయటివైపు ముందు చక్రానికి, అంటే కుడి ముందు చక్రానికి బ్రేకు పట్టేస్తుంది. ఆ చక్రం లంగరు దింపినట్టు పనిచేసి ముక్కుని బయటికి లాగుతుంది, తోక మళ్ళీ వరసలోకి వస్తుంది. కింద నుంచి కర్‌ర్‌ర్ మని గరగర, పెడల్లో వణుకు, మీటర్లో పసుపు లైటు మెరుపులు. అంతా సెకను లోపు. దీనికి తిరగేసి, తోక బదులు ముక్కు జారి బండి మలుపు తిరగకుండా తిన్నగా పోతుంటే, లోపలివైపు వెనక చక్రానికి బ్రేకు వేసి ముక్కుని లోపలికి తిప్పుతుంది.

ఆ గరగర విని భయపడి కాలు తీసేసేవాళ్ళూ, స్టీరింగ్ ఎదురు తిప్పేసేవాళ్ళూ ఎక్కువ. రెండూ వద్దు. ఈఎస్‌పీకి మీ ఉద్దేశం తెలిసే దారి స్టీరింగ్ ఒక్కటే. పోవాల్సిన దారికేసి చూస్తూ చక్రాన్ని అటే పట్టి ఉంచండి. కంగారులో అటూ ఇటూ తిప్పితే అది ఆ కంగారునే మీ ఉద్దేశం అనుకుని దానికి తగ్గట్టు బ్రేకులు వేస్తుంది. ఆగాల్సివస్తే బ్రేకు పూర్తిగా తొక్కి అలాగే ఉంచండి. పాత అంబాసిడర్ల రోజుల్లో నేర్చుకున్న ‘వేసి వదిలి, వేసి వదిలి’ పద్ధతి ఏబీఎస్ బండిలో ఆగే దూరాన్ని పెంచుతుంది. ఆ వణుకు కాలికి అలవాటు కావాలంటే వెనకా ముందూ ఎవరూ లేని తిన్నని ఖాళీ రోడ్డు చూసుకుని, 30, 40 వేగంలో ఒకసారి బ్రేకు మొత్తం తొక్కి చూడండి. మలుపుల్లో మాత్రం ప్రయోగాలొద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోవడం. ఎత్తు ఎక్కుతుంటే బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు తేలికవుతాయి. హెయిర్‌పిన్‌లో తిరుగుతుంటే బరువు మళ్ళీ బయటివైపుకి పోతుంది. అంటే లోపలి ముందు చక్రం రెండు రకాలా తేలికైంది, లాగాల్సింది కూడా అదే. మీరు మొదటి గేరులో ఉండి యాక్సిలరేటర్ సగానికి పైగా తొక్కారు, ఇంజన్ 1,800 ఆర్‌పీఎం దాటగానే టర్బో ఒక్కసారిగా బలం ఇచ్చింది, ఆ చక్రం తడి తారు మీద ఉత్తుత్తినే తిరిగింది. అప్పుడు ఈఎస్‌పీలో భాగమైన ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ బలం కోసేసింది. ‘పికప్ చచ్చిపోయింది’ అని మీకనిపించింది అదే. బటన్ ఆపేస్తే ఏమవుతుంది? ఇంజన్ అరుస్తుంది, చక్రం తిరుగుతుంది, బండి ముందుకి పోయేది అంతే, పైగా ముక్కు మలుపు బయటికి జారుతుంది. ఎదురుగా అల్యూమినా లోడు లారీ దిగుతున్నప్పుడు అది మీకు కావాల్సిన సంగతి కాదు.

దీనికి మందు కాలిలో ఉంది. మలుపులోకి వెళ్ళకముందే రెండో గేరులో పడిపోండి. రెండో గేరులో చక్రానికి అందే బలం మొదటి దానిలో సగం చిల్లర, పైగా నెమ్మదిగా వస్తుంది. మలుపు తిరిగినంతసేపూ యాక్సిలరేటర్ సన్నగా ఒకే తీరున ఉంచండి, స్టీరింగ్ తిన్నబడుతున్న కొద్దీ పెంచండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్‌లో 2 పెట్టుకోండి. దీంతో లైటు మెరవడం చాలావరకు ఆగిపోతుంది. ఇంకా మెరుస్తోందంటే టైర్లు అరిగాయనో, రోడ్డు మీద ఏదో ఉందనో అర్థం.

అంటే మెరవడం జబ్బు కాదు, కబురు. ‘ఇక్కడున్న పట్టంతా వాడేశావు, నేను సర్దాను’ అని చెబుతోంది. ఒక ప్రయాణంలో ఒకటి రెండుసార్లు మెరిస్తే మామూలే. ప్రతి మలుపులోనూ మెరుస్తోందంటే మీరు ఆ రోడ్డుకి ఎక్కువ వేగంలో ఉన్నారు. లైటు ఆరకుండా నిలిచి ఉంటే మాత్రం వ్యవస్థ పనిచేయడం లేదని. బొమ్మ కింద ‘ఆఫ్’ అని అక్షరాలు కనిపిస్తే ఎవరో బటన్ నొక్కారని. ఈ మూడూ కలిపేసుకుని షెడ్డుకి పరిగెత్తేవాళ్ళు చాలామంది.

మరి బటన్ ఎందుకు పెట్టారంటే, చక్రం కొంత ఉత్తినే తిరిగితేనే బండి కదిలే చోట్లు కొన్ని ఉన్నాయి. లోతైన బురద, ఏటి ఇసుక, కంకర పోసి ఇంకా రోలర్ తిప్పని రోడ్డు. అలాంటి చోట ట్రాక్షన్ కంట్రోల్ పదే పదే బలం కోసేస్తుంటే బండి ఉన్నచోటే చతికిలబడుతుంది. అయినా ముందు బటన్ ఆన్‌లోనే ఒకసారి ప్రయత్నించండి, ఎందుకంటే ఒక్క చక్రమే తిరుగుతుంటే ఈ వ్యవస్థ దానికి బ్రేకు వేసి బలాన్ని అవతలి చక్రానికి పంపుతుంది. కదలకపోతే అప్పుడు ఆపండి. చాలా బళ్ళలో ఒక్కసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే స్థిరత్వం చూసే భాగం కూడా ఆగుతుంది. మీ బండిలో ఎలాగో ఓనర్ మాన్యువల్లో ఉంటుంది, ఆ పేజీ ఒక్కటి చదవండి. బురదలోంచి తీయడానికి మొదటిది చాలు. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, రెండో గేరులో క్లచ్ మెల్లగా వదిలి, ముందుకీ వెనక్కీ ఉయ్యాలలా ఊపండి. చక్రం నాలుగైదు సెకన్లు తిరిగినా కదలకపోతే ఆపేయండి, ఇంకా తిప్పితే గొయ్యి లోతవుతుంది. చక్రం ముందు రాళ్ళో కొమ్మలో కాళ్ళ కింద వేసుకునే రబ్బరు మ్యాట్లో వేయండి. గట్టి నేల ఎక్కగానే బటన్ మళ్ళీ నొక్కండి. మరిచిపోయినా, దాదాపు అన్ని బళ్ళలోనూ ఇంజన్ ఆపి మళ్ళీ వేస్తే ఈఎస్‌పీ తనంతట తాను ఆన్ అవుతుంది. తారురోడ్డు మీద, అది ఘాటైనా హైవే అయినా, ఆపాల్సిన సందర్భం ఏదీ లేదు.

ఈఎస్‌పీ ఉంది కదా అని వేగం పెంచేవాళ్ళ కోసం ఒక లెక్క. హెయిర్‌పిన్ వ్యాసార్ధం 20 మీటర్లనుకోండి. 30 వేగంలో తిరిగితే బండిని పక్కకి నెట్టే బలం దాని బరువులో 35 శాతం. 40లో 63 శాతం. 50లో 98 శాతం. వేగం 30 నుంచి 40కి పెరిగింది మూడో వంతే, నెట్టుడు మాత్రం ఇంచుమించు రెట్టింపు. మంచి టైరు పొడి తారు మీద 80 శాతం చుట్టుపక్కల దాకా పట్టి ఉంచగలదు. తడి తారు మీద 50 అనుకోండి. తారు మీద పల్చగా ఎర్రబురద పూత ఉంటే 30 కూడా గగనమే. అంటే తడిలో 40 వేగంతో ఆ మలుపు తిరగదు, ఈఎస్‌పీ ఉన్నా తిరగదు. ఉన్న పట్టుని నాలుగు చక్రాల మధ్య సర్దడమే దాని పని, లేని పట్టుని అది ఎక్కణ్ణించి తెస్తుంది? ఈ ఘాట్‌లో తడి హెయిర్‌పిన్‌కి 20 నుంచి 25, పొడిలో 30. మలుపుకి ముందే, స్టీరింగ్ ఇంకా తిన్నగా ఉండగానే ఈ వేగానికి దిగిపోవాలి.

మన రోడ్ల మీద పట్టు తీసేసే వస్తువులు వేరే ఊళ్ళకంటే ఎక్కువ. పంటల రోజుల్లో కోరాపుట్ వైపు చోళ్ళు, ధాన్యం, నవరంగపూర్ వైపు మొక్కజొన్న తారు మీదే ఆరబోస్తారు. పొడి గింజలు టైరు కింద బేరింగ్ బంతుల్లా దొర్లుతాయి. వాటి మీద బ్రేకు వేస్తే ఏబీఎస్ గరగరలాడుతుంది గానీ బండి ఆగదు. కుప్ప కనిపించగానే దూరంలోనే వేగం తగ్గించి, దాని మీద ఉన్నంతసేపు బ్రేకు, స్టీరింగ్, యాక్సిలరేటర్ మూడూ కదపకుండా దాటేయండి. నిండా ట్యాంకు పోయించిన లారీలు మలుపుల్లో డీజిలు ఒలకబోసుకుంటాయి. తడి రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగుల మరక కనిపిస్తే అదే. వేసవి తర్వాత పడే మొదటి వాన మొదటి అరగంట అన్నిటికంటే జారుడు, ఎందుకంటే నెలల తరబడి పేరుకున్న దుమ్మూ నూనే నీళ్ళతో కలిసి పేస్టులా తేలుతాయి. ఇక ఘాట్ దిగాక సాలూరు దాటిన తిన్నని రోడ్డు మీద నీళ్ళు నిలిచిన చోట 80లో పోతే నాలుగు టైర్లూ నీటి మీద తేలిపోవచ్చు. తేలిన చక్రానికి బ్రేకు వేసినా వేయకపోయినా ఒకటే. అక్కడ యాక్సిలరేటర్ మెల్లగా వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. వానలో క్రూయిజ్ కంట్రోల్ వేయకండి.

రోడ్డు అంచు ఇంకో ప్రమాదం. లారీకి దారివ్వబోయి ఎడమ చక్రాలు తారు అంచు కిందకి దిగాయనుకోండి. వెంటనే కుడికి గుంజితే టైరు అంచుకి రాసుకుంటూ ఒక్కసారిగా పైకెక్కి, బండిని అవతలి లైనులోకి విసిరేస్తుంది. ఆ విసురుని ఈఎస్‌పీ కొంత ఆపగలదేమో గానీ, పక్క గోడ మెత్తని టైరు అంచుకి తగులుకుని పల్టీ కొడితే ఏమీ చేయలేదు. దిగిన చోటే తిన్నగా పోనిచ్చి, వేగం బాగా తగ్గాక, అంచు తక్కువగా ఉన్న చోట మెల్లగా ఎక్కించండి. పైన క్యారియర్ మీద బస్తాలు కట్టి ఉంటే ఈ జాగ్రత్త రెండింతలు. చాలా చిన్నకార్లకి పైకప్పు మోయగలిగేది 50, 75 కిలోలే.

ఈ వ్యవస్థ నిజంగా పుట్టింది ఇలాంటి గుంజుడు కోసమే. 1995లో మెర్సిడెస్ పెద్ద కార్లలో మొదట వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక వాళ్ళు, రోడ్డు మీదికి దుప్పి అడ్డం వస్తే తప్పించే పరీక్షలో చిన్న ఏ-క్లాస్ కారుని నడిపితే అది బోల్తాపడింది. ఆ తర్వాత ఆ కారులో ఈఎస్‌పీ తప్పనిసరి అయింది, అక్కణ్ణించి చిన్నబళ్ళకి దారి తెరుచుకుంది. అక్కడ దుప్పి, మనకి సెమిలిగుడ దాటాక పొగమంచులో ఆవులు, సంత రోజుల్లో నెత్తిన గంపలతో రోడ్డు దాటే జనం.

ఘాట్ దిగడంలో ఈఎస్‌పీకి అసలు శత్రువు వేడి. అది పనిచేసేదే బ్రేకులతో. బ్రేకులు కాలి చచ్చుబడితే దాని చేతులు కట్టేసినట్టే. మనుషులతో కలిపి 1,400 కిలోల బండి 700 మీటర్లు దిగితే పుట్టే శక్తితో 30 లీటర్ల నీళ్ళు తెర్లబెట్టవచ్చు. అందులో ఇంజన్ ఎంత తీసుకుంటే బ్రేకులకి అంత తెరిపి. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే, హెయిర్‌పిన్‌లలో రెండో గేరు, మధ్యలో మూడు. ఆటోమేటిక్‌ని ‘డీ’లో వదిలేయకండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడం కాకుండా, గట్టిగా కొట్టి వేగం దించి వదిలేయండి, చల్లారనివ్వండి. డీజిలు, పెట్రోలు మిగులుతాయని న్యూట్రల్‌లో జార్చే అలవాటు ఈ రూటులో ఇంకా ఉంది. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఐడిలింగ్‌కి తాగుతాయి. ఇంజనే ఆపి జార్చేవాళ్ళకైతే రెండు మూడు తొక్కుళ్ళకే బ్రేకు బూస్టరులో గాలి పట్టు అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది, పవర్ స్టీరింగూ పోతుంది.

బ్రేకు ఆయిలు రెండేళ్ళకోసారి మార్చండి. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఆయిలు మరిగితే పైపులో ఆవిరి బుడగలు, పెడల్ నేలకి అంటుకుంటుంది. మన తూర్పు కనుమల వానాకాలం తేమ తెలిసిందే. మార్చేటప్పుడు మూత తీసిన డబ్బా మిగిలింది దాచిపెట్టి వాడే షెడ్డులో చేయించకండి, కొత్త డబ్బా మీ ముందే తెరవమనండి.

టైర్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈఎస్‌పీ తప్పుదారి పట్టేది ఇక్కడే. దానికి ప్రపంచమంతా చక్రాల తిరుగుడే. 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. పంక్చరుతో ఒక టైరు పాడై, 8 మిల్లీమీటర్ల గీతలున్న కొత్తది ఒక్కటే వేశారనుకోండి, పక్కది 2 మిల్లీమీటర్లకి అరిగి ఉంది. రెండిటి వ్యాసాల్లో తేడా 12 మిల్లీమీటర్లు, దాదాపు 2 శాతం. తిన్నని రోడ్డు మీద కూడా ఒక చక్రం ఎప్పుడూ కాస్త వేగంగా తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. చిన్న తేడాలు వ్యవస్థ సర్దుకుంటుంది గానీ దాని ఓపికకి హద్దుంది. టైర్లు ఎప్పుడూ జతగా మార్చండి, ఒకే కంపెనీ, ఒకే రకం. రెండే కొత్తవి కొంటే వెనక వేయించండి. ముందు చక్రాలు లాగే బండి కదా, కొత్తవి ముందే వేయాలని షెడ్డులో వాదిస్తారు, వినకండి. వెనక గుండు టైర్లుంటే వానలో మొదట జారేది తోక, తోక జారిన బండిని దారికి తేవడం ముక్కు జారిన దానికంటే చాలా కష్టం. 205/65 లాంటి లావు టైర్లు వేయిస్తే వ్యాసం 4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరూ అబద్ధం చెబుతుంది, ఈఎస్‌పీ లెక్కా మారుతుంది. చట్టం ప్రకారం గీత లోతు 1.6 మిల్లీమీటర్లు చాలు, కానీ వానాకాలంలో ఈ ఘాట్ తిరిగేవాళ్ళు 3 దగ్గరే మార్చేస్తే మంచిది. గాలి తెల్లవారుజామున, బండి కదలకముందు, డ్రైవరు తలుపు స్తంభం మీది స్టిక్కరు చూసి పట్టించండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే గాలి ఒకటి, ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. విజయనగరం మధ్యాహ్నపు ఎండలో సరిచూసిన గాలి కోరాపుట్ పుష్యమాసపు చలిలో తక్కువే చూపిస్తుంది. సన్నటి స్టెప్నీ వేసుకుంటే 80 దాటకండి, లైటు మెరిసినా ఆశ్చర్యపోకండి.

ఇక అలైన్‌మెంట్ తర్వాత ఆరని లైటు. బహుశా జరిగింది ఇది. స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టైరాడ్లు తిప్పి చక్రాలు సరిచేశాక స్టీరింగ్ వంకరగా వచ్చింది, లేదా ఇంతకుముందు వంకరగా ఉన్నది ఇప్పుడు తిన్నబడింది. ఎటైనా స్టీరింగ్ సెన్సరు గుర్తుపెట్టుకున్న ‘తిన్నగా’ అనే చోటు ఇప్పటి తిన్నదనంతో కలవడం లేదు. బండి తిన్నగా పోతుంటే సెన్సరు 8 డిగ్రీలు తిరిగిందంటోంది, మధ్యలో ఉన్న సెన్సరు తిరగలేదంటోంది. ఇద్దరు సాక్షులు పొంతన లేకుండా మాట్లాడితే ఈఎస్‌పీ తనని తాను ఆపేసుకుని లైటు వేస్తుంది. ఆపేసుకోవడమే మంచిది, తప్పు సాక్ష్యంతో బ్రేకు వేస్తే మనకే ముప్పు.

ముందు ఇంట్లో చేసి చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి సమతలం మీద నిలబెట్టి, స్టీరింగ్ ఎడమ చివరిదాకా, కుడి చివరిదాకా ఒక్కోసారి తిప్పి మధ్యకి తెచ్చి, ఇంజన్ ఆపి, మళ్ళీ వేసి, తిన్నని రోడ్డు మీద 30, 40 వేగంలో ఒక కిలోమీటరు పోనివ్వండి. బ్యాటరీ తీసి పెట్టాక వచ్చే లైటు కొన్ని బళ్ళలో దీనితోనే ఆరిపోతుంది. ఆరకపోతే స్కానర్ కావాలి. లోపం కోడ్లు చెరిపేసి ‘అయిపోయింది’ అనేవాణ్ణి నమ్మకండి, లైవ్ డేటా, అంటే సెన్సర్లు ఆ క్షణంలో చెబుతున్న అంకెలు, తెరిచి చూపించమనండి. తిన్నగా పోతుంటే స్టీరింగ్ కోణం సున్నాకి రెండు మూడు డిగ్రీల లోపు ఉండాలి. నాలుగు చక్రాల వేగాలూ ఒకేలా ఉండాలి. బండి నిలబడి ఉంటే తిరుగుడూ పక్క బలమూ సున్నా దగ్గరుండాలి. స్టీరింగ్ వంకరగా ఉంటే ముందు టైరాడ్ల దగ్గర తిన్నగా చేయించి, ఆ తర్వాతే సెన్సరు జీరో చేయించండి. వంకర స్టీరింగ్‌నే జీరోగా ఒప్పించేసే తొందరగాళ్ళున్నారు.

ఇక్కడ కొండ ఊళ్ళకే ఉన్న చిక్కు ఒకటుంది. మధ్య సెన్సరుని జీరో చేసేటప్పుడు బండి నిజంగా సమతలం మీద ఉండాలి. షెడ్డు నేల పక్కకి నూటికి 5 వాలుగా ఉంటే, కదలకుండా నిలబడ్డ బండి కూడా 0.05 జీ, అంటే బండి బరువులో 5 శాతం, పక్క బలం చూపిస్తుంది. దాన్నే సున్నా అని నేర్పిస్తే అది కుడి మలుపుల్లో ఒక రకంగా, ఎడమ మలుపుల్లో ఒక రకంగా ప్రవర్తిస్తుంది. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి నేల మీద పెట్టి చూస్తే రెండు నిమిషాల పని. నవ్వితే నవ్వనివ్వండి.

కోడ్లలో సీ0035, సీ0040, సీ0045, సీ0050 వస్తే వరసగా ఎడమ ముందు, కుడి ముందు, ఎడమ వెనక, కుడి వెనక చక్రం సెన్సర్లు. వెంటనే సెన్సరు కొనకండి. ముందు వైరు చూడండి, స్ట్రట్ దగ్గర రాసుకుని తెగుతుంది, ఇంటి దగ్గర ఎలకలు కొరుకుతాయి. తర్వాత సెన్సరు ముక్కు తీసి చూడండి, ఎర్రమట్టీ ఇనుప రజనూ ముద్దకట్టి ఉంటాయి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలాసార్లు చాలు. ఈమధ్య హబ్ బేరింగ్ మార్చి ఉంటే అనుమానం దాని మీదే. అయస్కాంతపు వలయం ఉన్న వైపు సెన్సరుకి ఎదురుగా ఉండాలి, తిరగేసి కొడితే చక్రం వేగం సున్నాగానే కనిపిస్తుంది. బ్యాటరీ ముసలిదై సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి పడిపోయినా, బ్రేకు పెడల్ స్విచ్ పాడైనా ఇదే లైటు వస్తుంది.

ఈలోగా విజయనగరం వెళ్ళక తప్పదంటే, ఈఎస్‌పీ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులూ ఏబీఎస్సూ ఉన్నట్టే, వాన లేని పగటిపూట మెల్లగా వెళ్ళిరండి. దానికి ఏబీఎస్ పసుపు లైటు తోడైతే ఘాట్ వద్దు, బస్సెక్కండి. బ్రేకు ఎర్రలైటు కూడా కలిస్తే హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగిందో లేదో, ఆయిలు గీత దగ్గరుందో లేదో చూడండి. రెండూ సరిగ్గా ఉండి కూడా వెలుగుతుంటే బండిని అక్కణ్ణించి కదపకుండా క్రేనుకి ఫోన్ చేయండి.